ఒక మతము – పలు మతములు

పండుగ వచ్చుటకు ముందే పండుగ తగవు వచ్చుట మన పట్టణములలో వాడుకయైనది. ఒక పంచాంగకర్త దృక్సిద్ధాంతము ననుసరించి గణించును. మఱియొకరు పూర్వపద్ధతిని విడువరు. తిథి ఘడియలలో తేడా వచ్చును. ఒకే వీథిలో ఒక యింట నేడు, పొరుగింట రేపు పండుగ యగును. కృష్ణాష్టమికి స్మార్తులు అర్ధరాత్రమున అష్టమి యున్న దినమును గ్రహింతురు. వైష్ణవులు సప్తమీవేధ లేని అష్టమిని, రోహిణీ నక్షత్రమును చూతురు. ఏకాదశి యుపవాసమునకును ఇట్టి భేదమే కలదు. మసీదు వీథికి పోయినచో, నెలవంకను కంటితో చూడవలెనా, గణితమును నమ్మవలెనా యను చర్చ అచ్చటను వినవచ్చును. భారత ప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను పంచాంగ సంస్కరణ సంఘము నొకదాని నియమించెను. దాని ఫలముగా 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలునకు వచ్చెను. ప్రభుత్వ పత్రములపై శకసంవత్సరము అచ్చగుచున్నది గాని, పండుగ తగవు తీఱలేదు.

అది తీఱవలెనని మా కోరికయు గాదు. ఒక పండుగకు రెండు దినములుండుట వలన దేశమునకు వచ్చిన నష్టమేమియు లేదు. పూర్వము మొదటినాటి యింటివారి ప్రసాదము రెండవనాటి యింటికి పోయెడిది. మఱునాడు ఆ యింటి ప్రసాదము ఈ యింటికి వచ్చెడిది. పిల్లలకు రెండు పండుగలు. నేడో, ప్రసాదములకు బదులు నిందలు పంచుకొనుచున్నారు. "వారికి శాస్త్రము తెలియదు" అనువఱకు పోయిన మాట, "వారు మనవారే కారు" అనుదాక సాగుచున్నది. మా చింత యంతయు ఈ రెండవ మాటను గుఱించి.

మతమను శబ్దమునకు మొదటి యర్థము తలపు, అభిప్రాయము. సమ్మతము, అభిమతము అను మాటలలో నేటికిని ఆ యర్థమే నిలిచియున్నది. ఒకరి మతము వేఱొకరి మతము కాకుండుట ఆ శబ్దములోనే యిమిడియున్నది. బ్రహ్మసూత్రములను తెఱచి చూడుడు. వేదాంతమునకు ఆధారమని ఆచార్యులందఱు నంగీకరించిన ఆ గ్రంథములోనే సూత్రకారుడు ఆశ్మరథ్యుడు ఇట్లు తలచెను, ఔడులోమి యట్లు తలచెను, కాశకృత్స్నుడు వేఱొక విధముగా తలచెను అని పేరుపేరున చెప్పుచున్నాడు. ముక్తుని స్వరూపము నెట్లు చెప్పవలెనని ప్రశ్న వచ్చినచోట జైమిని మతమును ఔడులోమి మతమును రెండింటిని నిలిపి, వానికి విరోధము లేదని తన మతమును చెప్పుచున్నాడు. భిన్నాభిప్రాయము ధర్మమునకు వెలుపలినుండి వచ్చిన రోగమనుకొనువారు ఈ గ్రంథమును చదివియుండరు, చదివియున్నచో మఱచియుందురు.

ఆ భిన్నాభిప్రాయము ఎంత లోతునకు పోయినదో తెలియుటకు ఒక్క అక్షరము చాలును. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు తొమ్మిది మారులు ఒకే వాక్యము నుపదేశించెను: జగత్తునకు మూలమైన ఆ సత్యమే నీవని. శంకరులు దీనిని జీవబ్రహ్మల యేకత్వముగా వ్యాఖ్యానించిరి. ఉపాధులు తొలగినచో రెండవది లేదనిరి. రామానుజులు అదే వాక్యమును గ్రహించి, జీవుడు పరమాత్మకు శరీరము వంటివాడు, శరీరమును చెప్పిన మాట శరీరిదాక పోవును గనుక అట్లు చెప్పబడినదనిరి. 13వ శతాబ్దమున మధ్వాచార్యులు ఆ వాక్యమునకు ముందున్న పదముతో సంధి విడదీసి, దీర్ఘములో ఒక అకారము లీనమైయున్నదని చూపిరి. ఆ అకారము చేరినచో అర్థము తలక్రిందులగును. "నీవు అది కావు" అని యేర్పడును. వ్యాకరణ మట్టి విభాగమున కవకాశ మిచ్చుచున్నది. ఒక్క అకారము ఉన్నదా లేదా యనుదానిపై రెండు దర్శనములు, రెండు సంప్రదాయములు, వందల గ్రంథములు పుట్టినవి. అయినను ముగ్గురాచార్యుల శిష్యులును అదే ఉపనిషత్తును అదే స్వరముతో పారాయణము చేయుచున్నారు. ఎవరును ఆ పుటను చింపివేయలేదు.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? మన పెద్దలు కోపము లేనివారగుటచేత గాదు. వాదమునకు వారొక మర్యాద నేర్పఱచుకొనుటచేత. దానికి పూర్వపక్షమని పేరు. తన సిద్ధాంతమును స్థాపింపదలచినవాడు మొదట ఎదిరి మతమును, దాని బలమైన యుక్తులతో, ఎదిరి విన్నను తలయూపునట్లు చెప్పవలెను. రామానుజుల శ్రీభాష్యమున మొదటి సూత్రముక్రిందనే మహాపూర్వపక్షమను భాగము కలదు. తాము ఖండింపబోవు అద్వైతమును వారచ్చట ఎంతో విస్తరించి, ఏ యుక్తిని దాచక ప్రతిపాదించిరి. అద్వైతము నేర్వదలచినవాడు ఆ భాగమును చదివినను కొంత నేర్చుకొనగలడు. ప్రతిపక్షిని గౌరవించుట యనగా ఇది. నమస్కారము చేయుట తేలిక. ఎదిరి మాటను వక్రింపకుండ చెప్పుట కష్టము.

శంకర విజయములు చెప్పు కథ మన పాఠకులెల్లరు నెఱిగినదే. శంకరులకును మండనమిశ్రునకును వాదము జరిగినపుడు మధ్యస్థురాలు మండనుని భార్యయగు ఉభయభారతి. ఎదిరి యింటి ఇల్లాలిని న్యాయాధికారిణిగా నంగీకరించుటకు శంకరులు సందేహింపలేదు. భర్త యోడినట్లు చెప్పుటకు ఆమెయు సందేహింపలేదు. కథ చరిత్రయగునో కాదో యటుంచి, ఇట్టి కథను తరతరములుగా చెప్పుకొనిన జాతి, వాదమున కేమి కావలెనని తలచెనో మనకు తెలియుచున్నది.

గౌతముని న్యాయశాస్త్రము మాటలపోరును మూడు తెగలుగా విభజించినది. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. ఎట్లయినను గెలువవలెనని చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదిరిని పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. నేడు మనము సభలలోను, దూరదర్శనములలోను, చేతిలోని ఫోనులలోను వినుచున్నవానిలో మొదటి తెగకు చెందిన దెంత, కడపటి తెగకు చెందిన దెంత యని పాఠకులే లెక్కచూచుకొందురు గాక.

పూర్వకాలమంతయు బంగారుకాలమని మేము చెప్పబోవుట లేదు. శైవ వైష్ణవ గ్రంథములలో పరుషవాక్యములకు కొదువలేదు. మన తెలుగు వీరశైవ కవులును ఎదిరివారిపై జాలి చూపినవారు గారు. ఒక్క రామానుజ సంప్రదాయములోనే వడగలై తెంగలై భేదము చూడుడు. పిల్లకోతి తల్లిని తాను పట్టుకొనవలెనా, పిల్లిపిల్లవలె తల్లియే నోట గఱచుకొని పోవునా యను దృష్టాంతముతో, భగవంతుని కృపకు జీవుని ప్రయత్నము కావలెనా యను సూక్ష్మప్రశ్నను వారు చర్చించిరి. ప్రశ్న గంభీరమైనది, దృష్టాంతము మధురమైనది. కాని కాలక్రమమున చర్చ నామము ఆకారమునకు దిగినది. కాంచీపుర వరదరాజస్వామి సన్నిధిని ఏ తెగవారు ముందు నిలిచి ఏ శ్లోకముతో పారాయణ మారంభింపవలెనను తగవు ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములనుండి ఈ శతాబ్దపు న్యాయస్థానముల వఱకు నడచినది. వాదము విడిచి వ్యాజ్యమును పట్టుకొన్నపుడు కోతిపిల్లయు లేదు, పిల్లిపిల్లయు లేదు. వకీళ్లు మాత్రము మిగిలిరి.

ఈ విషయము మన యొక్క మతమునకే సంబంధించినది గాదు. ఇస్లామునందు సున్నీలు అనుసరించు నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయములు కలవు. ఇమామ్ షాఫియీ, ఇమామ్ మాలిక్ కడ చదువుకొన్నవాడు. ఇమామ్ అహ్మద్ ఇబ్న్ హంబల్, షాఫియీ కడ చదువుకొన్నవాడు. శిష్యుడు గురువుతో విభేదించి వేఱు మార్గము చూపెను, గురువును తూలనాడలేదు. నమాజులో చేతులు కట్టుకొనువారును విడిచి నిలుచువారును పక్కపక్కనే నిలిచి ఒకే దిక్కునకు తిరుగుచున్నారు. షాఫియీ ఒకమారు ఇమామ్ అబూ హనీఫా సమాధి చెంత నమాజు చేయుచు, తన సంప్రదాయమున చదువదగిన ప్రార్థన నొకదానిని ఆ మహనీయునిపై గౌరవముచేత ఆనాటికి విడిచెనని ముస్లిములు చెప్పుకొందురు. క్రైస్తవులలో బిషపుల యధికారమును గుఱించిన భేదము ఐరోపాలో యుద్ధములకు కారణమైనది. ఆ భేదము గల ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంఘములే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో కలిసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడినవి. దానికై పాటుపడినవారిలో ముఖ్యుడు మన దోర్నకల్లు బిషపు అజరయ్యగారు. ఆ దినము చూడకయే 1945లో గతించిరి. తెలుగునాట బలముగా నున్న బాప్టిస్టులును లూథరనులును ఆ కలయికలో చేరలేదు; చేరనందుకు ఎవరును వారిని వెలివేయను లేదు. కలియుటకు స్వాతంత్ర్యము, కలియకుండుటకు స్వాతంత్ర్యము, రెండును నిలిచినవి.

ఇంతవఱకు చెప్పినది సులభమైన భాగము. జీవుడు బ్రహ్మమగునా కాదా యని వాదించినపుడు ఓడినవాని యింట పొయ్యి ఆఱదు. కష్టమైన ప్రశ్న యేదన, శాస్త్రార్థముపై మూడవ మనిషి బ్రతుకు వ్రేలాడుచున్నపుడు పరస్పర గౌరవమనగా నేమి? దీనికిని మన చరిత్రలో ఒక్క అకారము సాక్ష్యము చెప్పుచున్నది.

పరాశర స్మృతిలో ఒక శ్లోకము కలదు. భర్త కనబడకపోయినను, మరణించినను, సన్న్యసించినను, నపుంసకుడైనను, పతితుడైనను స్త్రీకి వేఱొక పతిని విధింపవచ్చునని దాని భావము. పరాశరము కలియుగమునకే యేర్పడిన స్మృతియని చెప్పుదురు గనుక, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో ఈ శ్లోకమును ఆధారముగా చేసికొని వంగదేశమున వితంతు వివాహమునకై వాదించెను. 1856లో శాసనము వచ్చెను. ప్రతిపక్షులు ఊరకుండలేదు. విజయనగర కాలపు మాధవాచార్యులు తమ వ్యాఖ్యలో ఈ విధి యుగాంతరమునకు చెందినదని చెప్పియున్నారని చూపిరి. వ్యాకరణవేత్తలు మఱియొక సూక్ష్మమును తెచ్చిరి. శ్లోకములోని పతిశబ్దపు సప్తమీరూపము పాణినికి సరిపోదు. దాని ముందుపదము ఏకారాంతము. కావున నడుమ ఒక అకారము లోపించియుండవచ్చును. అప్పుడు మాట "పతి" గాక "అపతి" యగును. అనగా నిశ్చయము మాత్రమై వివాహము కాని వరుడని యర్థము. కాబట్టి పెండ్లియైన వితంతువునకు ఈ శ్లోకము వర్తింపదనిరి. రెండవ పక్షమువారు అది ఋషిప్రయోగమనిరి.

పాఠకులు గమనింపవలెను. ఛాందోగ్యములో దీర్ఘమున కలిసిపోయిన అకారముపై రెండు దర్శనములు నిలిచినవి. పరాశరములో లోపించినదనుకొన్న అకారముపై తొమ్మిదేండ్ల, పదేండ్ల బాలవితంతువుల జీవితము నిలిచినది. వ్యాకరణము రెండుచోట్లను ఒకటే. ధర్మము ఒకటి కాదు.

ఆంధ్రదేశమున ఈ వాదమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1879లో రాజమహేంద్రవరమున బహిరంగ సభలో నెత్తుకొనిరి. వారును శాస్త్రమును త్రోసివేయక శాస్త్రముతోనే మొదలుపెట్టిరి. పండితులు ఖండనములు వ్రాసిరి. వారు ప్రతిఖండనములు వ్రాసిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి వంటి విద్వాంసుడు ఎదురు నిలిచెను. ఇరువురును పత్రికలు నడపిరి. ఒకరి హాస్యవర్ధనికి మఱియొకరి హాస్యసంజీవని బదులు చెప్పినది. ఆ కలములు మెత్తనివి గావు. పంతులుగారి ప్రహసనములలో పూర్వాచారపరుల వెక్కిరింత యెంత యున్నదో చదివినవారెఱుగుదురు. అయినను అంతవఱకు అది వాదమే. ఒకరి పత్రిక నొకరు చదివిరి. చదివినందుననే బదులు వ్రాయగలిగిరి.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినది. అప్పుడు వాదము నిలిచి బహిష్కారము మొదలైనది. పెండ్లి కేగినవారిపై పీఠము పేర వెలిపత్రికలు వచ్చినవి. పురోహితులకు, వంటవారికి కఱవు వచ్చినది. అంతకుముందు పంతులుగారి పక్షమున నిలిచిన మిత్రులు కొందఱు ప్రాయశ్చిత్తము చేసికొని వెనుదిరిగిరి. శాస్త్రార్థమున గెలుపోటములు తేలకుండగనే ఎదిరివాని వంటయింటిపై పడుట, అతని నూతిత్రాటిని పట్టుకొనుట, యుక్తి చాలని పక్షము చేయు పని. వెలివేసినవారికి తమ శాస్త్రముపై నిజముగా నమ్మకమున్నచో, ఆ శాస్త్రమునే మఱల చదివి వినిపించియుందురు.

ఈ వృత్తాంతమునుండి మేము గ్రహించునది రెండు విషయములు. మొదటిది: పూర్వాచారపరులను మూర్ఖులని తీసివేయరాదు. వారిలో ధర్మభీతి గల పండితులుండిరి. తాతతండ్రులు నడచిన త్రోవ విడిచిన నేమగునోయని నిజముగా భయపడినవారుండిరి. ఆ భయమును విని బదులు చెప్పవలెను గాని నవ్వరాదు. రెండవది: గౌరవమనగా మౌనము గాదు. పండితుని గౌరవించుట వేఱు, బాలవితంతువు కన్నీటిని ఆయన శ్లోకార్థమునకు నైవేద్యము పెట్టుట వేఱు. పంతులుగారు ఎదిరివారి మనసు నొచ్చునని ఊరకున్నచో ఆయన మర్యాదస్థుడే యగును, ధర్మాత్ముడు మాత్రము గాడు. ఇరుపక్షముల ఖండనములలోను వినబడని కంఠము ఆ బాలికలది. ఏ మతవివాదమందైనను, ఈ తీర్పు ఎవరి నెత్తిన పడునో వారి నడిగితిమా యని ప్రశ్నించుకొనువాడే వాదమునకు పూర్తిగా నర్హుడు.

అభిప్రాయము వేఱైనపుడు గౌరవముతో ఎట్లు పోరాడవలెనో చూపిన ఘట్టము మన జాతీయోద్యమ చరిత్రలో నొకటి కలదు. అది వేఱువేఱు మతములవారి మధ్య జరిగినది గాదు. ఒకరినొకరు మహాత్ముడనియు గురుదేవుడనియు పిలుచుకొన్న ఇద్దఱి మధ్య జరిగినది. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపము వచ్చినది. వేలకొలది ప్రజలు మడిసిరి. గాంధీమహాత్ముడు అప్పటికి హరిజనయాత్రలో నుండెను; అంతకు ముందునెలలోనే ఆంధ్రదేశమున సంచరించి వెళ్లెను. జనవరి 24న తిరునల్వేలిలో మాటలాడుచు, ఈ భూకంపము అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్షయని తన విశ్వాసమును చెప్పెను.

రవీంద్రునకు ఇది మింగుడుపడలేదు. అస్పృశ్యత పాపమనుటలో ఆయనకు లేశమైనను భేదము లేదు. కాని ప్రకృతిలోని యుత్పాతములకు ప్రకృతిలోనే కారణములుండును, వానిని నీతితో ముడివేయరాదని ఆయన మతము. ఈ తర్కమునే పట్టుకొని పూర్వాచారపరులు, గాంధీ దేవాలయములు తెఱవుమనుటచేతనే భూమి కంపించినదనగలరు గదా యని ఆయన భయము. ఇచ్చట ఆయన చేసిన పనిని చూడుడు. ఖండనము వ్రాసెను, కాని పత్రికలకు పంపలేదు. దానిని గాంధీకే పంపి, పత్రికలలో వచ్చిన మాటలు మీవేనా, మీవే యైనచో దీనిని మీరే ప్రకటింపుడని కోరెను. ఎదిరి అనని మాటకు ఖండనము వ్రాసితినేమోయను శంక ఆయనకు పుట్టినది. ఈ శంక నేటి మన రచయితలలో, ఉపన్యాసకులలో ఎందఱికి పుట్టుచున్నది?

గాంధీ ఆ ఖండనమును దాచలేదు, కత్తిరింపలేదు. ఫిబ్రవరి 16నాటి తన హరిజన్ పత్రికలోనే దానిని ప్రకటించి, తన సమాధానమును వ్రాసెను. శివునాజ్ఞ లేక చీమయైనను కుట్టదను మన సామెత వంటిదే ఆయన విశ్వాసము. దానిని ఋజువు చేయలేననియు, అయినను విడువలేననియు చెప్పుకొనెను. కవి తన మతమును మార్చుకొనలేదు, మహాత్ముడును మార్చుకొనలేదు. మా యభిప్రాయమడిగినచో, ఈ వాదమున యుక్తి రవీంద్రుని వైపుననే యున్నదని చెప్పుదుము. భూకంపమున మడిసిన పసిబిడ్డల పాపమేమని అడిగినచో మహాత్ముని మాటకు బదులు దొరకదు. అయినను, ఈ మాట చెప్పినందువలన మహాత్మునిపై మా భక్తికి లోపము రాలేదు. భక్తుడగుటకు విమర్శ మానుకొనవలెనను నియమమును ఆయనయే పెట్టలేదు.

తరువాత నేమైనది? 1936లో విశ్వభారతి ఋణభారముతో క్రుంగుచున్నపుడు, వృద్ధుడైన రవీంద్రుడు నాటకబృందమును వెంటబెట్టుకొని ధనార్జనకై ఊరూర తిరుగుచుండగా, గాంధీ దాతలను ఒప్పించి 60,000 రూపాయలు సమకూర్చి ఆయనకందించెను. 1940లో శాంతినికేతనమునకు వెళ్లి ఆయనను దర్శించెను. మాటలు కలియనిచోట చేతులు కలిసినవి. వెలిపత్రికకును ఈ ధనపత్రమునకును గల యంతరమే మేము చెప్పదలచిన దంతయు.

ఇక నేటి స్థితి. ఇప్పుడొక ప్రవచనకర్త రెండు గంటలు మాటలాడును. అందులోని అరనిమిషమును కత్తిరించి ఒకరు ఊరంతటికి పంపుదురు. ఆ ముక్కను విన్నవాడు తక్కిన రెండు గంటలను వినడు. వినకయే కోపము తెచ్చుకొనును. ఇది పూర్వపక్షమునకు సరిగా వ్యతిరేకము. పూర్వపక్షము ఎదిరి మతమును పూర్తిగా చెప్పును. ఈ పద్ధతి ఎదిరి మాటను ముక్కచేయును. పూర్వపక్షమున ఎదిరిని తన సొంత బలముతో నిలుపుదురు. ఇచ్చట కాళ్లు విఱిచి నిలువబెట్టుదురు. ఆస్తికులు ఆస్తికులను, సంస్కర్తలు సంస్కర్తలను, నాస్తికులు అందఱిని ఈ విధముననే చేయుచున్నారు. ఎవరిని మినహాయించుటకును మాకు వీలు కలుగుటలేదు.

"మా మనోభావములు గాయపడినవి" అను మాట నేడు మిక్కిలి వినబడుచున్నది. గాయము నిజమే కావచ్చును. బుద్ధిపూర్వకముగా అవమానించువానిని శిక్షించుటకు శాసనము కలదు. 1927 నుండియే కలదు. కాని తన మతమున కెదురుమాట విన్నంతనే కలుగు బాధ గాయము గాదు. అది ఆలోచన యారంభమగునపుడు కలుగు నొప్పి. శ్రీభాష్యము చదువు అద్వైతికిని ఆ నొప్పి యుండును. ఆయన ఠాణాకు పోలేదు, గ్రంథము వ్రాసెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అంతఃకరణ స్వాతంత్ర్యమును ప్రతి పౌరునకు నిచ్చినది, అస్పృశ్యతను నిషేధించినది. మొదటిది నమ్మువాని రక్షణకు, రెండవది నమ్మకము పేర నలిగినవాని రక్షణకు. ఈ రెండింటిని కలిపి చదివినచో మేము పైన చెప్పిన హద్దు దొరకును: నమ్మకమునకు స్వేచ్ఛ, నమ్మినవానికి గౌరవము, ఇతరుని నలిపెడి నమ్మకమునకు మాత్రము నిర్భయమైన ఎదురుమాట. శాసనము ఇంతవఱకే చేయగలదు. ఎదిరి మాటను చివరిదాక వినవలెనను గుణమును ఏ శాసనసభయు పుట్టింపజాలదు. అది ఇండ్లలో, బడులలో, గ్రంథాలయములలో పుట్టవలెను.

మన గ్రంథాలయములు జాతీయోద్యమమునకు పురుడుపోసిన యిండ్లు. అచ్చట కూర్చుండి ఒకరు చదువగా పదిమంది విని చర్చించుట మన పట్టణముల అలవాటు. ఆ గ్రంథాలయ సభలవారికి మా విన్నపమొకటి. మతవిషయమున చర్చ పెట్టునపుడు ప్రతి వక్తయు మొదట తాను ఖండింపబోవు మతమును చెప్పవలెను. "అవును, నా మతమిదియే" యని ఎదిరి యొప్పుకొనిన పిమ్మటనే తన సిద్ధాంతమును మొదలుపెట్టవలెను. ఎదిరి యన్నాడని విన్న మాటను ప్రకటించుటకు ముందు అతనినే అడుగవలెను. పూర్వము ఉత్తరము ప్రయాణమునకే దినములు పట్టెడిది, నేడు ఒక్క క్షణము చాలును. ఆ చర్చ యెవరి జీవితమునకు తగులునో వారిలో నొకరినైనను పిలిచి వినవలెను. చర్చ ముగిసిన పిదప ఎవరి యింటి పొయ్యియు, ఎవరి యింటి శుభకార్యమును ఆ చర్చకు పణము కారాదు. ఇందులో క్రొత్త యేమియు లేదు. అన్నియు మనవారు చేసి చూపినవే.

స్వరాజ్యమనగా పరులు పోవుట మాత్రమే కాదు. మనలో మనము వేఱుగా తలచియు ఒకచోట నివసింపగలుగుట. ఇంట పండుగ దినమును గుఱించి ప్రశాంతముగా విభేదింపజాలనివారు శాసనసభలో ప్రజల యన్నవస్త్రములను గుఱించి ఎట్లు విభేదింపగలరు? రాబోవు పండుగకును పంచాంగములు రెండు దినములు చెప్పవచ్చును. చెప్పనిండు. మన పాఠకులు తమకు నమ్మకమైన దినముననే పండుగ చేసికొందురు గాక. ప్రసాదపు పళ్లెమును మాత్రము ఆ నాడే పొరుగింటికి పంపుదురు గాక. పొరుగువారు మఱునాడు ఖాళీ పళ్లెమును తిరిగి పంపుట మన దేశాచారము గాదు.